సూర్యుడి క్రమశిక్షణపై కొన్ని అభ్యంతరాలు

సమయపాలన గురించి ఉపదేశించవలసి వచ్చినప్పుడల్లా సూర్యుడిని ఆదర్శంగా చూపించడం తరతరాలుగా సాగుతున్న అన్యాయం. ఉదయాస్తమయాలను వేళ తప్పకుండా జరిపిస్తున్నది తన చుట్టూ తాను తిరిగే భూమి. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్లు, ఆ శ్రమకు దక్కవలసిన కీర్తి మాత్రం ఆయన ఖాతాలో పడుతోంది. కనుక ఆయన నడవడిపై నిష్పాక్షికమైన విచారణ జరగాలని సవినయంగా కోరుతున్నాను.

తిరగడమే తీసుకుందాం. మధ్యరేఖ వద్ద సుమారు 25 రోజుల్లో ఒక చుట్టు పూర్తిచేసే ఈ మహానుభావుడికి ధ్రువాల దగ్గర అదే చుట్టుకు దాదాపు 35 రోజులు పడుతుంది. ఒకే దేహంలో ఇన్ని వేగాలున్నందున అయస్కాంత బలరేఖలు సాగి, మెలికలు తిరిగి, చివరికి ఉపరితలాన్ని చీల్చుకొని వస్తాయి. అవి కింది వేడిని పైకి రానీయకుండా అడ్డుకున్నచోట మచ్చలు ఏర్పడతాయి. ఈ మచ్చలు ఒక ఆవృత్తి ప్రకారం పెరిగి తరుగుతాయని 1843లో జర్మన్ ఖగోళ పరిశీలకుడు హైన్రిఖ్ ష్వాబే ప్రకటించాడు. అది సగటున 11 ఏళ్లని తరువాత తేలింది. ఈ ఒక్క విషయంలోనైనా పద్ధతి ఉందని సంతోషిద్దామంటే, 1645 నుంచి 1715 వరకు మచ్చలు దాదాపు కనబడకుండా పోయిన పాత రికార్డు అడ్డువస్తోంది. పైగా ప్రతి ఆవృత్తి ఉచ్చదశలోనూ ఆయన ఉత్తర, దక్షిణ అయస్కాంత ధ్రువాలు తారుమారవుతాయి. పార్టీలు మార్చే నాయకులైనా కొంత మొహమాటపడతారు.

ఉష్ణోగ్రతల వ్యవహారం మరీ విడ్డూరం. కేంద్రంలో 1.5 కోట్ల డిగ్రీలున్న వేడి ఉపరితలానికి వచ్చేసరికి సుమారు 5,500 డిగ్రీలకు దిగి, ఆపైనున్న కరోనా అనే బాహ్య వాతావరణంలో మళ్లీ 10 లక్షల డిగ్రీలు దాటుతుంది. దీనికి అయస్కాంత తరంగాలు కారణమా, లెక్కలేనన్ని చిన్న విస్ఫోటాలు కారణమా అన్న వాదన ఇంకా తెగలేదు. నాసా వ్యోమనౌక పార్కర్ సోలార్ ప్రోబ్ 2024 డిసెంబర్ 24న ఆయన ఉపరితలానికి సుమారు 61 లక్షల కిలోమీటర్ల దగ్గరి వరకు వెళ్లి పరిశీలించినా ముద్దాయి పూర్తి వాంగ్మూలం ఇవ్వలేదు.

అన్నింటికంటే తీవ్రమైన అభియోగం సోమరితనం. సెకనుకు దాదాపు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్‌ను హీలియంగా మారుస్తున్నాడని భక్తులు గొప్పగా చెబుతారు కానీ, ఘనమీటరు చొప్పున లెక్కగడితే ఆయన కేంద్రం పుట్టించే వేడి, కునికిపాట్లు పడుతున్న మనిషి దేహం పుట్టించే వేడికంటే తక్కువ. ఈ నిదానం వల్లనే ఆయన 460 కోట్ల ఏళ్లుగా ఉద్యోగంలో కొనసాగుతున్నాడన్నది ప్రతివాద పక్షం సమర్థన.

కోపం వచ్చినప్పుడు మాత్రం నిదానం కనబడదు. 1859 సెప్టెంబర్‌లో ఆయన విసిరిన తుపానుకు టెలిగ్రాఫ్ యంత్రాలు నిప్పురవ్వలు చిమ్మాయి. ఆయనను తొలగించి మరొకరిని నియమించే అవకాశాన్నీ పరిశీలించాను. అందరికంటే దగ్గరలో ఉన్న అభ్యర్థి 4.2 కాంతి సంవత్సరాల దూరంలోని ప్రాక్సిమా సెంటారీ అనే నక్షత్రం. తరచుగా చెలరేగే దాని జ్వాలల చరిత్ర చదివాక ఆ దరఖాస్తును పక్కన పెట్టక తప్పలేదు.