గుర్తు చెరిగిందా, సీలియమే పోయిందా?
సీలియం అంటే కణం మీద వెంట్రుకలా నిలిచే సన్నటి పోగు, దాని లోపలి కడ్డీలు ట్యూబులిన్ అనే ప్రోటీన్‌తో కట్టినవి. హెచ్‌డాక్6 ఎంజైమ్ ఆ ట్యూబులిన్ మీది ఎసిటైల్ గుర్తులను (చిన్న రసాయన తగిలింపులను) తీసేయడం వల్లే సీలియం కరిగి కణం విభజనకు దిగుతుందని ఒక వ్యాసంలో రాశారు. అరోరా-ఎ అనే మరో ఎంజైమ్ హెచ్‌డాక్6ని పురిగొల్పుతుందని 2007లోనే చూపించారు, అందులో పేచీ లేదు. సీలియం కరగాల్సిందే, దాని మొదలు దగ్గర ఇరుక్కున్న సెంట్రియోల్ (కణ విభజనలో పనికొచ్చే చిన్న భాగం) విభజనకు కావాలి కదా. కానీ కారణమంతా ఆ ఒక్క గుర్తు మీదే వేయడం నాకు మింగుడుపడలేదు. ఆ గుర్తు పెట్టే ఎంజైమ్ జన్యువును తీసేసినా ఎలుకలు చక్కగానే బతికాయి. పైగా హెచ్‌డాక్6 కార్టాక్టిన్ అనే మరో ప్రోటీన్ మీద కూడా పనిచేస్తుంది, కాబట్టి కారణం అటువైపూ ఉండొచ్చు. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేను కణాలకు సీరం (అవి పెరగడానికి పోసే రక్తద్రవం) ఆపేసి రెండు రోజులు పస్తు పెట్టేదాన్ని. మైక్రోస్కోప్‌లో చూస్తే కణానికొక్కటి చొప్పున సన్నటి పచ్చ వెంట్రుక! సీరం మళ్లీ పోస్తే కొన్ని గంటల్లోనే చాలావాటికి మాయం. తమాషా ఏంటంటే, మేం రంగు వేసి వెతికేది కూడా ఎసిటైల్ ట్యూబులిన్‌నే. గుర్తు చెరిగితే సీలియం ఉన్నా లేనట్టే లెక్క రాసుకునేవాళ్లం. మా గైడ్ తిట్టాకే సీలియం పొరలో ఉండే ఏఆర్‌ఎల్13బి అనే ప్రోటీన్‌కి కూడా రంగు వేయడం మొదలుపెట్టాను, అప్పుడు లెక్కలు మారాయి.