పుట్టగొడుగులో మందు ఉంది, డబ్బాలో ఎంతుంది?

కోనసీమ కొబ్బరి రైతుకు గానోడెర్మా అంటే తెగులు. మట్టిలోంచి వేళ్లకు పట్టి, మొదలు దగ్గర కాండం నుంచి ముదురు గోధుమ రంగు జిగురు కారుస్తూ, కాపు మీదున్న చెట్టును నిలువునా ఎండబెట్టే శిలీంధ్రం అది. ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని వేపపిండిలో కలిపి పాదుల్లో వేయమని అంబాజీపేట పరిశోధన కేంద్రం ఏళ్లుగా చెబుతున్నది దీని కోసమే. ఆ గానోడెర్మాకే దగ్గరి చుట్టమైన మరో రకం ‘రీషీ’ పేరుతో క్యాప్సూల్‌గా, కాఫీ పొడిగా మన ఇళ్లకు చేరుతోంది. చాలాసార్లు దాన్ని తెచ్చి ఇచ్చేది నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో చేరిన బంధువులో, పక్కింటివాళ్లో. షుగర్‌కీ, బీపీకీ, కీళ్ల నొప్పులకీ, చివరికి క్యాన్సర్‌కీ అదే డబ్బా.

ఈ అమ్మకాల తీరు చూసి పుట్టగొడుగుల్లో అసలు మందే లేదనేవాళ్లూ ఉన్నారు. అదీ సరికాదు. మందు ఉంది. అయితే అందులోని ఏ పదార్థం, ఎంత మోతాదులో, ఏ రోగికి పనిచేస్తుందో తేలినప్పుడే దాన్ని మందు అనగలం. మన దగ్గర అమ్ముడవుతున్న చాలా డబ్బాలకు ఆ లెక్క లేదు.

ఆ లెక్క తేల్చడానికి గట్టిగా ప్రయత్నించిన దేశం జపాన్. చచ్చిన మొద్దుల మీద రంగురంగుల చారలతో విసనకర్రల్లా పెరిగే టర్కీ టెయిల్ అనే పుట్టగొడుగు నుంచి పీఎస్‌కే అనే పదార్థాన్ని తీసి, 1977లో క్యాన్సర్ చికిత్సకు అనుమతించారు. షిటాకే అనే మరో పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్‌కు 1985లో అనుమతి వచ్చింది. దాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చేవారు. కడుపు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన 262 మంది మీద జరిపిన పీఎస్‌కే పరీక్ష ఫలితాలు 1994లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కీమో మాత్రమే తీసుకున్నవాళ్లలో ఐదేళ్ల తర్వాత బతికున్నది 60 శాతం. కీమోతో పాటు పీఎస్‌కే తీసుకున్నవాళ్లలో 73 శాతం.

క్యాన్సర్ రోగికి ఆ 13 శాతం తేడా చాలా పెద్దది. కానీ ఆ పరీక్షలో ఎవరూ ఆపరేషన్ మానుకోలేదు, కీమో ఆపుకోలేదు. వాళ్లకిచ్చింది ఎండబెట్టి దంచిన పొడి కాదు, శుద్ధిచేసి మోతాదు కట్టిన మందు. కొత్త కీమో మందులు వచ్చాక జపాన్‌లోనే దాని వాడకం తగ్గిపోయింది కూడా. ఈ సంగతులన్నీ వదిలేసి ‘జపాన్‌లో క్యాన్సర్‌కు పుట్టగొడుగులే వాడతారు’ అన్న ఒక్క ముక్క వాట్సాప్‌లో తిరుగుతుంటే, దాన్ని నమ్మి చికిత్స ఆపేసే కుటుంబం గురించే నా భయం.

ఈ పదార్థాలు పనిచేసే తీరులో మాయ లేదు. పుట్టగొడుగు కణాల గోడల్లో బీటా గ్లూకాన్లు ఉంటాయి. మన తెల్ల రక్తకణాలు వాటిని గుర్తుపట్టి, ఏదో శిలీంధ్రం లోపలికొచ్చిందనుకుని అప్రమత్తమవుతాయి. ‘ఇమ్యూనిటీ పెరుగుతుంది’ అన్న ప్రచారానికి మూలం ఇదే. అయితే ఇలాగే డబ్బాల్లో అమ్మే కార్డిసెప్స్ అనే శిలీంధ్రానికి చుట్టమైన మరో దాని నుంచే సైక్లోస్పోరిన్ వచ్చింది. కిడ్నీ మార్పిడి అయినవాళ్లలో రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే మందు అది. శిలీంధ్రం ఏదైనా ఇమ్యూనిటీ పెంచేదేనని అనుకోవడం ఎంత ప్రమాదమో దీన్ని బట్టే తెలుస్తుంది.

మనవాళ్లకు ఎక్కువగా అవసరమైన ప్రశ్న షుగర్ గురించి. గుండెజబ్బు ముప్పు విషయంలో రీషీ మీద జరిగిన పరీక్షలను కలిపి చూసి, వైద్య ఆధారాలను సమీక్షించే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2015లో ఒక సమీక్ష ఇచ్చింది. ఐదు పరీక్షలు, 398 మంది. టైప్ 2 డయాబెటిస్ ఉన్నవాళ్లలో గుండెజబ్బు ముప్పు తగ్గించడానికి రీషీ వాడొచ్చనడానికి ఆధారం దొరకలేదు. మూడు నెలల సగటు చక్కెర చూపే హెచ్‌బీఏ1సీలో కూడా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ ఒక్క ఫలితం తెలిసినా, మెట్‌ఫార్మిన్ పక్కనపెట్టి రీషీ కాఫీ తాగాలనే ఆలోచన ఎవరికీ రాకూడదు.

మతిమరుపు విషయంలో మాత్రం కొంత ఆశ ఉంది. జపాన్‌లో 50 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 30 మంది మీద లయన్స్ మేన్ పుట్టగొడుగును 16 వారాలు పరీక్షిస్తే, దాన్ని తీసుకున్నవాళ్లకు మతి పనితీరు పరీక్షలో మార్కులు మెరుగయ్యాయి. ఆపిన నెలకే మళ్లీ తగ్గాయి. 2009 నాటి ఆ పరీక్ష చాలా చిన్నది. సింగపూర్‌లో 663 మంది పెద్దవాళ్లను గమనించినప్పుడు, వారానికి రెండుసార్ల కంటే ఎక్కువగా పుట్టగొడుగులు తినేవాళ్లలో మతిమరుపు తొలిదశ దాదాపు సగమే కనిపించింది. ఇక్కడ వాళ్లు తిన్నది కూరలో వేసుకునే మామూలు పుట్టగొడుగులే. వాటివల్లే మేలు జరిగిందని ఇలాంటి అధ్యయనం నిరూపించలేదు. అయినా ఖరీదైన సీసా కొనే ముందు మార్కెట్లో దొరికే బటన్, ఆయిస్టర్ రకాలు వండుకోమనే నేను చెబుతాను.

డబ్బా మీద రాసిందే డబ్బాలో ఉందా అన్నది మరో సమస్య. అమెరికాలో 19 రకాల రీషీ ఉత్పత్తులను పరీక్షించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, లేబుల్‌కు సరిపోయినవి ఐదే. కొన్ని కంపెనీలు పుట్టగొడుగుకు బదులు ధాన్యం మీద పెంచిన బూజు దారాలను, ఆ ధాన్యంతో సహా పొడి చేసి అమ్ముతాయి. అలాంటి పొడిలో బీటా గ్లూకాన్ కంటే పిండి పదార్థమే ఎక్కువగా ఉండొచ్చు. షుగర్ తగ్గుతుందని కొన్నవాళ్ల చేతికి వచ్చేది పిండి.

హాని మాటా చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు రీషీతో రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. చాగా అనే రకంలో కిడ్నీలకు హాని చేసే ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువ. దాన్ని నెలల తరబడి తాగిన జపాన్ మహిళ కిడ్నీలు దెబ్బతిన్న ఉదంతం వైద్య పత్రికల్లో నమోదైంది. అవయవ మార్పిడి అయినవాళ్లు వీటి జోలికే పోకూడదు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి. తిడతారని దాచిపెడితే నష్టం రోగికే.

చట్టం లేక కాదు. షుగర్, క్యాన్సర్ లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. హెల్త్ సప్లిమెంట్ డబ్బా మీద ‘వైద్య అవసరాలకు కాదు’ అన్న హెచ్చరిక ఉండాలన్నది నిబంధన. ఆ హెచ్చరిక అచ్చేసి ఉన్న డబ్బానే చేతిలో పట్టుకుని, హాల్లో కూర్చోబెట్టి జబ్బుల జాబితా చదివే మీటింగుల మీద నిఘా పెట్టాలి. బీటా గ్లూకాన్ ఎంత శాతం ఉందో, వాడింది పుట్టగొడుగా లేక ధాన్యం మీద పెంచిన బూజా అన్నదీ లేబుల్ మీద తప్పనిసరిగా తెలుగులో కూడా రాయించాలి. పుట్టగొడుగుల పరిశోధనకే హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో జాతీయ సంస్థ ఉన్న దేశం మనది. మార్కెట్లో ఉన్న డబ్బాలను కొని పరీక్షించి ఆ ఫలితాలను పేర్లతో సహా జనం ముందు పెట్టడం మనకు చేతకాని పనేమీ కాదు.