సవరణ: మా పిన్ని మోకాలికి ఆపరేషన్ చేసింది రోబో కాదు

చెన్నైలో మా పిన్నికి మోకీలు మార్చినప్పుడు ‘అంతా రోబోనే చేసింది, డాక్టర్ పక్కన నిలబడ్డారంతే’ అని మొన్న రాశాను. అది తప్పు. పిన్నికి వాడింది ‘మాకో’ (Mako) అనే రోబో. ముందే తీసిన సీటీ స్కాన్‌తో అందులోని కంప్యూటర్‌లో ఎముక త్రీడీ నమూనా తయారవుతుంది. రంపం పట్టి కోసేది మాత్రం సర్జనే. రంపం హద్దు దాటబోతే రోబో చేయి ఆపేస్తుంది. లిగమెంట్ల (ఎముకలను కలిపి ఉంచే పట్టీల) బిగువు చూసి ప్లాన్ మార్చేదీ ఆయనే. తానే కోసే రోబోలూ వేరే ఉన్నాయి, అవి కూడా సర్జన్ కనుసన్నల్లోనే పనిచేస్తాయి.

ఇలాంటి సర్జన్ కావడానికి ‘చిన్న కోర్సు చేస్తే చాలు’ అని నేను అన్నదీ సరికాదు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ 5½ ఏళ్లు, ఎంఎస్ ఆర్థో (ఎముకల సర్జరీలో పీజీ) 3 ఏళ్లు, ఆపైన చాలామంది ఫెలోషిప్ (ప్రత్యేక శిక్షణ) చేస్తారు. మర్నాడు ఆ డాక్టర్ వచ్చి, పిన్ని పళ్లు బిగపట్టి చూస్తుండగా, మోకాలిని మెల్లగా తన చేత్తోనే వంచి చూశారు.