చెరువులో చేపలెన్నో వలను అడిగితే సరిపోదు

నిరుడు వానలు పడ్డాక మా ఊరి చెరువు కట్ట మీద చేపపిల్లల బండి ఆగినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. చిల్లుల గిన్నెతో పిల్లల్ని తోడి, మొదటి గిన్నెలోవి మాత్రం టబ్బులో పోసి లెక్కపెట్టారు. ఆ తర్వాత అంతా గుణకారమే. నా పక్కనున్న మత్స్యకారుల సొసైటీ పెద్దాయన గొణిగాడు: "మొదటి గిన్నె నిండ ముంచిండు, తర్వాతయి సగం సగమే. గిదేం లెక్క సార్?" కాగితం మీద సంతకం మాత్రం పెట్టాడు.

నమూనా తీసి లెక్కకట్టడం తప్పేం కాదు. వేలకు వేల పిల్లల్ని ఒక్కొక్కటిగా లెక్కపెడుతూ కూర్చుంటే అవి కట్ట మీదే చస్తాయి. అయితే ఏ గిన్నెను లెక్కపెడతారో ముంచేవాడికి ముందే తెలిస్తే అది నమూనా కాదు. మధ్యమధ్యలో చెప్పకుండా నాలుగైదు గిన్నెలు ఆపి, లెక్కపెట్టి, సగటు తీయాలి. దానికి పట్టేది మహా అయితే ఇంకో అరగంట.

తెలంగాణలో 2016-17లో మొదలైన ఉచిత చేపపిల్లల పంపిణీ గురించి ఏటా మనకు వినిపించేది ఎన్ని వదిలారన్న అంకె. ఎన్ని బతికాయన్నదే అసలు ప్రశ్న. చిన్న చెరువులకు ఇచ్చే పిల్ల 35-40 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలంత కూడా ఉండదు. వాలుగకూ కొరమీనుకూ అది ఒక్క గుటక. దాన్ని తప్పించుకున్నా, పెద్ద వానకు చెరువు అలుగు పోస్తే కింది ఊరి పాలు.

బతికినవాటిని అంచనా వేయడానికి పాత పద్ధతి ఒకటుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ 1890లలో చేపలకు గుర్తులు కట్టి వదిలిన నాటిది. చెరువులో 200 చేపలు పట్టి రెక్క అంచు కత్తిరించి వదిలామనుకుందాం. కొన్నాళ్లకు 300 పడితే వాటిలో 6 గుర్తున్నవి. అంటే యాభైకి ఒకటి. గుర్తు పెట్టినవి 200 కాబట్టి మొత్తం సుమారు 10,000 అని లెక్క. అదే 6 బదులు 3 పడి ఉంటే? 20,000! మూడంటే మూడు చేపలు చెరువు లెక్కనే రెట్టింపు చేశాయి. పైగా ఈ మధ్యలో చేపలు బయటికి పోకూడదు, కొత్తవి రాకూడదు, గుర్తు పెట్టిన చేప గాయంతో చావకూడదు, వలంటే బెదరకూడదు. అలుగు పోసే మన చెరువుల్లో వానాకాలం ఈ పద్ధతి పెట్టుకుంటే అంతే సంగతులు.

వలది మరో పేచీ. సాయంత్రం కట్టి పొద్దున తీసే వలలో తల దూరి ఒళ్లు పట్టని చేపే చిక్కుతుంది. చిన్నది జారిపోతుంది, మరీ పెద్దది తలే దూర్చదు. అంటే పడిన చేపల సైజు చూసి మనం కొలిచేది చాలావరకు వల కన్నునే. రకరకాల కన్నుల వలలు పక్కపక్కన కడితే కొంత నయం. అప్పుడైనా గడ్డిలో నక్కి కదలకుండా కాచుకునే కొరమీను లెక్కకు దొరకడం కష్టం.

నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం సాగర్ లెక్క. నాగార్జునసాగర్ నిండుమట్టం 590 అడుగులు, నిండితే నీళ్లు దాదాపు 285 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటాయి. ఎండాకాలానికి మట్టం 510 దాకా దిగిన ఏళ్లున్నాయి. అవే చేపలు కొద్ది నీళ్లలోకి చేరతాయి కాబట్టి అదే వలకు ఎక్కువ పడతాయి. పుట్టికి ఇన్ని కిలోలని రాసుకునేవాడికి చేపలు పెరిగినట్టే కనిపిస్తుంది, నిజానికి ఒక్కటీ పెరగలేదు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ఇలాంటి భ్రమే కొంప ముంచింది. కాడ్ చేపలు తగ్గేకొద్దీ మిగిలినవి ఒకచోట గుమిగూడాయి, ట్రాలర్లకు దండిగానే పడుతూ వచ్చాయి. ఆ పట్టుబడి అంకెలు అంచనాలను పక్కదారి పట్టించాయి. 1992లో అక్కడి కాడ్ వేటనే నిలిపేయాల్సి వచ్చింది.

నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో చేపల్ని పసిగట్టే ఎకో సౌండర్‌ను పడవకు కట్టి లెక్కించవచ్చు. కానీ అది బొచ్చెనూ రవ్వునూ విడదీసి చెప్పలేదు, అడుగున ఆనుకుని ఉన్న చేప దానికి కనిపించదు. చేపలు నీళ్లలో వదిలిన డీఎన్‌ఏను పరీక్షిస్తే ఏ చేప ఉందో తెలుస్తుంది, ఎన్నున్నాయో నికరంగా తేలదు.

అందుకే ఖరీదైన యంత్రాల కన్నా ముందు మండలానికి రెండు చెరువులు ఎంచుకుని, ఏటా అదే నెలలో, అదే నీటిమట్టం దగ్గర, అవే వలలు అంతేసేపు కట్టి రాసిపెట్టాలంటాను. ఎన్ని చేపలున్నాయో అది చెప్పదు. పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్నది నాలుగైదేళ్లకు చెబుతుంది. ఖాళీగా వచ్చిన వలను కూడా రాస్తేనే సుమా.

మొన్న ఆ పెద్దాయనకు ఒక నోటుబుక్కు ఇచ్చి ఇదే అడిగాను. థర్మాకోల్ తెప్ప మీద వల సర్దుకుంటూ నవ్వాడు. "చేపలే పడనినాడు రాసేదేముంటది సార్?"