తెలుగు సిద్ధాంత గ్రంథానికి ఏ సాఫ్ట్‌వేర్? ముందు ఫాంటు సంగతి తేల్చుకోండి

తెలుగులో సిద్ధాంత గ్రంథం రాయబోయేవారు వర్డ్ మేలా, లిబ్రే ఆఫీస్ మేలా అని అడుగుతుంటారు. ఆ రెండింటిలో ఏది ఎంచుకున్నా పని జరుగుతుంది. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, రాత యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌కైనా అర్థమయ్యే అక్షర సంకేతాల ప్రమాణం) ఉంటుందా, అను ఫాంట్లలో (డీటీపీ సెంటర్లు వాడే పాత తరహా తెలుగు ఫాంట్లు) ఉంటుందా అన్నది. చేత్తో రాసిన కాగితాలను డీటీపీ సెంటర్‌కు ఇచ్చి, అక్కడ పేజ్‌మేకర్‌లో కంపోజ్ చేయించి, ప్రూఫుల మీద ప్రూఫులు దిద్దుకునే అలవాటు తెలుగు పరిశోధనలో ఇంకా పోలేదు. ఏళ్ల తరబడి పడ్డ శ్రమ చివరికి పరిశోధకుడు తన కంప్యూటర్‌లో తెరవలేని ఫైలుగా మిగులుతోంది. ఈ అలవాటును వదిలించుకోవాలి.

పేజ్‌మేకర్ పేజీలు పేర్చడానికి పుట్టిన సాఫ్ట్‌వేర్. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దానికి యూనికోడ్ తెలియదు. అంతకన్నా పెద్ద లోపం, అందులో పాదసూచికల సదుపాయం లేదు. ప్రతి పాదసూచికనూ పేజీ అడుగున విడిగా పెట్టి, అంకె చేత్తో వేయాలి. మూడో అధ్యాయం మధ్యలో పర్యవేక్షకులు ఒక్క ఆధారం చేర్చమన్నారంటే, ఆ తర్వాతి అంకెలన్నీ ఒక్కొక్కటిగా మార్చాలి. ఒకటి తప్పిపోతే ఉల్లేఖన ఒకరిది, ఆధారం ఇంకొకరిది అవుతుంది. వందల ఆధారాలుండే సిద్ధాంత గ్రంథానికి ఇది ఎంతమాత్రం పనికిరాదు.

అను ఫాంట్ల చిక్కు ఇంకా లోతైనది. తెర మీద కనిపించేది తెలుగే అయినా ఫైలులో దాగి ఉండేవి రోమన్ లిపికి కేటాయించిన సంకేతాలు. ఫాంటు తీసేస్తే పిచ్చి గీతలే మిగులుతాయి. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ గ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతిని విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రానికి ఇవ్వాలి. అది సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో చేరుతుంది. అను ఫాంటుతో చేసిన పీడీఎఫ్ అక్కడ చేరినా, లోపలి పాఠంలో ‘యక్షగానం’ అని వెతికేవారికి దొరకదు. గ్రంథచౌర్యంపై 2018లో వచ్చిన నిబంధనలు 10 శాతం వరకు పోలికను పట్టించుకోవు, ఆపైన చర్యలు మొదలవుతాయి. పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌కు అను పాఠం అర్థంలేని అక్షరాల వరస. కాబట్టి అందులో పోలిక సున్నా అని వచ్చినా అది దేనికీ రుజువు కాదు. నిజాయతీగా రాసిన పరిశోధకుడికి ఆ రుజువు దక్కకపోవడం అన్యాయం.

పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వాడండి, కానీ నమ్మి వదిలేయకండి. ఫాంటు సమాచారం పోయిన పాఠంలో ఏది అసలు ఇంగ్లిషో, ఏది అను సంకేతమో కన్వర్టర్‌కు తెలియదు. మధ్యలో ఉన్న ఇంగ్లిషు పేర్లు కూడా తెలుగు ముక్కలైపోతాయి. వత్తులు, అంకెలు ప్రత్యేకంగా సరిచూసుకోవాలి. ఇక టైపింగ్ విషయం. అను ఫాంట్లతో వాడే ‘యాపిల్’ కీబోర్డు లేఅవుట్‌కు అలవాటుపడ్డ వేళ్లకు అదే లేఅవుట్‌ను యూనికోడ్‌లో ఇచ్చే డ్రైవర్లు ఉన్నాయి. కొత్తగా నేర్చుకునేవారికి విండోస్‌లోనే భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు టైపు చేసే ఫొనెటిక్ కూడా 2019 నుంచి ఉంది.

యూనికోడ్‌కు వచ్చాక వర్డ్, లిబ్రే ఆఫీస్‌ల మధ్య ఎంపిక తేలికే. మీ పర్యవేక్షకులు ఏది తెరిచి దిద్దుతారో అదే వాడండి. మొదలుపెట్టాక మాత్రం మార్చకండి. ఒకే ఫైలు వారం వారం రెండింటి మధ్య తిరిగితే పేజీల అమరిక, దిద్దుబాట్ల గుర్తులు, ఆధారాల లింకులు కొద్దికొద్దిగా చెడతాయి. దిద్దేవారు ఎవరూ లేకపోతే, డబ్బు ఖర్చు కాకూడదనుకుంటే లిబ్రే ఆఫీస్ చాలు. తెలుగు అక్షరదోషాల నిఘంటువు కూడా దానికి ఉంది. అయితే సంధి, సమాసాలు కలిసిన చాలా మాటల కింద అది ఎర్రగీత గీస్తుంది, కంగారుపడక్కర్లేదు.

రెండింటిలోనూ తెలుగువారిని వేధించేది ఒకటే. శైలిలో (స్టైల్) అక్షర పరిమాణం 14 చేస్తారు, ఇంగ్లిషు మారుతుంది, తెలుగు మారదు. ఎందుకంటే తెలుగు ‘కాంప్లెక్స్’ లిపుల కోవలోకి వస్తుంది. దానికి ఫాంటు, పరిమాణం వేరే చోట ఉంటాయి. వర్డ్‌లో శైలిని సవరించేటప్పుడు ఫాంటు పెట్టెలో ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అనే భాగం చూడండి. లిబ్రే ఆఫీస్‌లో టూల్స్, ఆప్షన్స్‌లో భాషల విభాగంలోకి వెళ్లి ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ను ఆన్ చేస్తే ఆ భాగం కనిపిస్తుంది. అక్కడే మండలి, నోటో సెరిఫ్ తెలుగు, సురన్న వంటి ఉచిత యూనికోడ్ ఫాంటు ఒకటి పెట్టి, రోమన్ భాగానికి వేరే ఫాంటు ఉంచండి. పంక్తుల మధ్య దూరాన్ని ‘ఎగ్జాక్ట్‌లీ’ అని బిగించవద్దు. కింది వత్తులు, పై గుడులు తెగిపోతాయి. ఒకటిన్నర రెట్లు అని పెట్టండి. అధ్యాయం పేరును బోల్డ్ చేసి వదిలేయకుండా ‘హెడింగ్ 1’ శైలి ఇవ్వండి, విషయసూచిక దానంతటదే తయారవుతుంది.

చిన్నదే గానీ ముఖ్యమైన మాట: ‘సాఫ్ట్‌వేర్’ అన్నప్పుడు ‘ట్’ తర్వాత కనిపించని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని ఒకచోట పెట్టి ఇంకోచోట వదిలేస్తే వెతుకులాటలో సగం చోట్లు జారిపోవచ్చు.

ఆధారాలను దాచిపెట్టి పాదసూచికలు, గ్రంథసూచి తానే పేర్చే జొటెరో అనే సాఫ్ట్‌వేర్ వాడండి. ఉచితం, వర్డ్‌లోనూ లిబ్రే ఆఫీస్‌లోనూ గూగుల్ డాక్స్‌లోనూ పనిచేస్తుంది. వెబ్‌లో నడిచే వర్డ్‌లో మాత్రం దాని ప్లగిన్ రాదు. అలాంటిదే అయిన మెండలే ఇప్పటి ప్లగిన్ లిబ్రే ఆఫీస్‌లో పనిచేయదు. తెలుగు రచయితల పేర్లను జొటెరోలో రెండు గడుల్లో విడగొట్టకుండా ఒకే గడిలో, ఇంటిపేరు ముందుగా నింపండి. లేకపోతే గ్రంథసూచిలో ఇంటిపేరు, అసలు పేరు తారుమారవుతాయి. తప్పనిసరై సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వస్తే, ముందు జొటెరో డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో వర్డ్ ప్రాసెసర్ మార్చే బటన్ నొక్కి, ఆ తర్వాతే ఫైలును అవతల తెరవండి. నేరుగా తెరిస్తే లింకులు తెగి ఉత్త అక్షరాలు మిగలవచ్చు.

గూగుల్ డాక్స్ ఇద్దరు ముగ్గురు కలిసి పత్రం రాయడానికి బాగుంటుంది. మొత్తం గ్రంథానికి వద్దు. దాని పరిమితి సుమారు 10.2 లక్షల అక్షరాలు. మనం ఒక్కటిగా చదివే ‘స్త్రీ’ యూనికోడ్‌లో ఆరు సంకేతాలు కాబట్టి తెలుగులో అది అనుకున్నదానికంటే త్వరగా నిండుతుంది. గణితం, భౌతికశాస్త్రం వారికి సమీకరణాలను చక్కగా పేర్చే లేటెక్‌కు సాటి లేదు. అందులో తెలుగు కావాలంటే కంపైలర్‌ను జీలేటెక్‌కు మార్చాలి, మామూలు కంపైలర్ పీడీఎఫ్‌లేటెక్‌కు యూనికోడ్ తెలుగును కూర్చడం చేతకాదు.

చివరి ప్రతిని ప్రింటర్ దారిలో కాకుండా ఎక్స్‌పోర్ట్ దారిలో, ఏళ్ల తరబడి భద్రపరచడానికి ఉద్దేశించిన పీడీఎఫ్/ఏ రకం ఎంచుకుని తీయండి. అందులోంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. అక్షరాలు చెదిరితే ఫాంటు మార్చి మళ్లీ తీయండి. అసలు వర్డ్ (.docx) లేదా లిబ్రే ఆఫీస్ (.odt) ఫైలును కూడా మీ దగ్గర భద్రపరచుకోండి.

ఇదంతా ఒక్కో పరిశోధకుడూ విడివిడిగా కనిపెట్టుకోవాల్సిన అవసరం లేదు. ఫాంటు, పరిమాణం, వత్తులు తెగని పంక్తి దూరం, శైలులు అన్నీ ముందే అమర్చిన ఒక యూనికోడ్ నమూనా ఫైలును వర్డ్‌కు ఒకటి, లిబ్రే ఆఫీస్‌కు ఒకటి తయారుచేసి, పరిశోధకుడు నమోదైన రోజే తెలుగు శాఖ అతని చేతికివ్వాలి.