శాలువాలకు టైముంది, చివరి సీనుకు లేదు

ఇప్పుడే ఇంటికొచ్చాను. ఒళ్లు మండిపోతోంది. ఇది రాసేస్తేగానీ నిద్ర పట్టదు.

మా తమ్ముడు యూనివర్సిటీలో థియేటర్ కోర్సు చేస్తున్నాడు. 1923లో న్యూయార్క్‌లో మొదటిసారి ఆడిన ఎల్మర్ రైస్ నాటకం 'ది యాడింగ్ మెషీన్' వాళ్ల బ్యాచ్ ఈ రోజు తెలుగులో వేసింది. జీరో అనే గుమాస్తా వేషం మావాడిదే. ఆరున్నరకు మొదలవ్వాలి. ముఖ్య అతిథి వచ్చేసరికి ఏడున్నర దాటింది. ఆ తర్వాత జ్యోతి ప్రజ్వలన, బొకేలు, వేదిక మీదున్న ఏడుగురికీ శాలువాలు, ఒక్కో శాలువాకీ ఫొటో. మన దగ్గర ఏ సభ చూసినా ఇదే కదా! పైగా ఆయన మైకు పట్టుకుని "నాటకాలు సరదాకి బాగుంటాయి, ముందు ప్లేస్‌మెంట్స్ మీద దృష్టి పెట్టండి" అన్నారు. మేకప్‌తో గంటల తరబడి వింగ్‌లో నిలబడ్డ పిల్లలకు చెప్పే మాటేనా అది?

ఎనిమిదింబావుకు తెర లేచింది. పాతికేళ్లు ఒకే చోట కూర్చుని అంకెలు కూడిన మనిషి జీరో. సరిగ్గా పాతికేళ్లు నిండిన రోజున జీతం పెంచుతారని ఆశపడతాడు. ఓనరు వచ్చి, కూడికల మెషీన్లు పెడుతున్నాం, ఇక నీతో పనిలేదంటాడు. జీరోకి తల తిరిగిపోతుంది, స్టేజీ కూడా తిరగాలి. వీళ్ల దగ్గర మోటారెక్కడిది? చక్రాలు బిగించిన చెక్కబల్లను నలుగురు కుర్రాళ్లు వంగి చేతులతో తిప్పారు. మూడో వరుసలో ఉన్న నాకు వాళ్ల ఆయాసం వినిపించింది. ఓనరును చంపేసిన జీరో కాలరు మీద ఎర్ర మరక చూసి హాలంతా నిశ్శబ్దమైపోయింది.

తొమ్మిదిన్నరకు హాలు ఖాళీ చేయాలని లైట్లు వేసేశారు. చివరి సీను పోయింది. అసలు నాటకమంతా అందులోనే ఉంది! చచ్చి పైకి వెళ్లాక కూడా జీరో మెషీన్ ముందే కూర్చుంటాడు, కాగితం పట్టీ గదంతా పరుచుకుంటుంది. వెనకటి జన్మలో పిరమిడ్లకు రాళ్లు మోసింది కూడా నువ్వేనని చెప్పి, కాలి బొటనవేలితో నడిపే ఇంకో మెషీన్ దగ్గర పనిచెయ్యడానికి మళ్లీ భూమ్మీదకు తోసేస్తారు. ఆ పట్టీ కోసం పిల్లలు బిల్లు రోళ్లు ఒకదానికొకటి అతికించారు. నేను గ్రీన్‌రూమ్‌కి వెళ్లేసరికి మావాడు వాటిని విప్పకుండానే గోనెసంచిలో కుక్కుతున్నాడు. తలెత్తి నావైపు చూడలేదు.

నాకు శాలువా అంటేనే మంట. మా నాన్న గుంటూరులో ఒక మిల్లులో 22 ఏళ్లు లెక్కలు రాశారు. కంప్యూటర్ వచ్చిన ఏడాది ఒక శాలువా కప్పి, ఫొటో తీసి, ఇంటికి పంపేశారు. ఆ శాలువా ఇప్పటికీ బీరువాలో ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. ఈ నాటకం కోసం ఆయన పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. స్టేజీ మీద మావాడు మొత్తం వేసి కింద రెండు గీతలు కొట్టినప్పుడు నాన్న వేలు మోకాలి మీద అలాగే రెండుసార్లు కదిలింది. వాడు నేర్చుకున్నది ఆయన దగ్గరే.

ఆటోలో వస్తుంటే అడిగారు, "ఇంతకీ ఆ జీరో చివరికి ఏమయ్యాడ్రా?" అని.

నేను చెప్పలేకపోయాను.