సీటీజీ మెషీన్ గారికి ఒక బాలింత రాసుకున్నది

మహారాజశ్రీ సీటీజీ మెషీన్ గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేనూ పిల్లా క్షేమం. అక్కడ బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, ఆ ఏసీ లేబర్ రూములో మీరు ఈపాటికి ఇంకెవరి పొట్టకో బెల్టు బిగించి, లోపలి బిడ్డ గుండె చప్పుడూ తల్లి నొప్పులూ కాగితం మీద గీస్తూ టకటకమంటూ ఉండి ఉంటారు.

ఆ రాత్రి మర్యాదలన్నీ మీకే జరిగాయి. డ్యూటీ డాక్టరమ్మ తలుపు తీయగానే నేరుగా మీ దగ్గరికే వచ్చేది. కాగితం ఎత్తి చూసి "గుడ్" అని వెళ్ళిపోయేది. ఆ గుడ్ నాకో మీకో చివరిదాకా తేలలేదు. మా ఆయన సంగతి మరీ విడ్డూరం. మీ తెర మీద రెండో అంకె పెరగగానే "వస్తోంది, ఇప్పుడు నీకు నొప్పి వస్తోంది చూడు" అని నాకు చెప్పేవాడు. ఎవరి నొప్పి ఎవరికి చెబుతున్నాడండీ! ఒకసారి నేను మంచం కమ్మీ పట్టుకుని గింజుకుంటుంటే "35 ఏ కదా, ఇందాక 80 దాటింది" అన్నాడు. మీ ముందు నేను అబద్ధాలకోరునైపోయాను. తర్వాత తెలిసింది, పొట్ట మీద కట్టే ఆ బిళ్ళకి నొప్పి ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది అన్నదే తెలుస్తుందట. ఎంత గట్టిదో తెలీదట. బెల్టు బిగిస్తే అంకె పెరుగుతుంది, వదులైతే తగ్గుతుంది. రాత్రంతా మా ఆయన బెల్టు బిగువుని చదివి నాకు వినిపించాడన్నమాట.

మా అమ్మ మదనపల్లె నుంచి వచ్చి బయట లాబీలో కూర్చుంది, పాసు ఒక్కరికే కాబట్టి. లోపలికి పంపేముందు "ఊరికే పండుకోవద్దు మే, నడుస్తా ఉండు" అని మరీ మరీ చెప్పింది. నడుస్తానంటే సిస్టర్ మీవైపు చూపించింది. పక్కకి తిరిగితే సిగ్నల్ పోతుంది, లేచి కూర్చుంటే పోతుంది, బాత్రూమ్ అంటే అందరి మొహాలూ మాడిపోతాయి. కట్టేసిన ఆవైనా పలుపు మేర తిరుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనలు మీ చెవిన పడ్డాయో లేదో. ఏ చిక్కూ లేకుండా, నొప్పులు వాటంతటవే వచ్చిన ఆరోగ్యవంతురాలికి మిమ్మల్ని అదేపనిగా తగిలించక్కర్లేదట. పావుగంటకో అరగంటకో ఒకసారి చేత్తో పట్టుకునే డాప్లర్ అనే చిన్న యంత్రంతో బిడ్డ గుండె చప్పుడు వింటే చాలట, ముక్కేటప్పుడు అయిదు నిమిషాలకోసారి. తల్లి నడవొచ్చు, తినొచ్చు, తాగొచ్చు. మీమీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్ళు, మీ కాపలా వల్ల పుట్టిన పిల్లల్లో ఫిట్స్ తగ్గాయన్నారు. అది మీ గొప్పే, కాదనను. మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పే సెరిబ్రల్ పాల్సీ మాత్రం తగ్గలేదట, సిజేరియన్లు పెరిగాయట. నొప్పుల కోసం డ్రిప్ పెట్టినవాళ్ళకీ బీపీ ఉన్నవాళ్ళకీ మీరు ఉండాల్సిందే. నాకు అవేవీ లేవు. ప్యాకేజీలో మీరున్నారు, అంతే.

ఇక తెల్లవారుజామున తమరు వెలగబెట్టిన ఘనకార్యం. నొప్పికి తట్టుకోలేక పక్కకి ఒరిగాను, బెల్టు జారింది. అప్పటిదాకా 140 చూపిస్తున్నవారు ఉన్నట్టుండి 96 అన్నారు. బిడ్డ గుండె 110కీ 160కీ మధ్య ఉండాలి కదా, ఇక చూస్కోండి, దీపాలూ కూతలూ. ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. ఒకావిడ ఫోన్ తీసి "ఓటీ ఖాళీనా?" అని అడిగింది. మా ఆయన సంతకానికి పెన్ను వెతుక్కుంటున్నాడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ప్రైవేటు ఆసుపత్రి కాన్పుల్లో 47 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 14 శాతం సిజేరియన్లని చదువుకుని వచ్చినదాన్ని. ఓటీ మాట వినగానే ఆ 47లో నా పేరు రాసేసుకున్నాను.

అప్పుడొచ్చింది పెద్ద సిస్టర్, కేరళ కొట్టాయం మనిషి. ఒక చేత్తో నా మణికట్టు పట్టుకుని నాడి చూసింది, రెండో చేత్తో పొట్ట తడిమి బిడ్డ వీపు ఎటుందో పట్టుకుంది. జెల్లు మళ్ళీ రాసి బిళ్ళని నాలుగు వేళ్ళు కిందికి జరిపింది. 142. "ఆ 96 అమ్మ పల్స్" అంది ఫోన్ ఆవిడతో, చాలా మామూలుగా.

రాత్రంతా నన్ను పట్టించుకోని మీరు, పట్టించుకున్న ఆ ఒక్కసారీ కొంప ముంచబోయారు స్వామీ.

ఆ తర్వాత ఆ సిస్టర్ మలయాళం యాస కన్నడంలో "ఉసిరు తగొళ్ళి, ఉసిరు తగొళ్ళి" (ఊపిరి తీసుకోండి) అంటూ నా మొహంలోకి చూస్తూనే ఉంది. పిల్ల పుట్టింది. మీరు అప్పటికి కాగితం అయిపోయి, ఇంకో చుట్ట పెట్టమని కూస్తున్నారు. ఎవరూ పెట్టలేదు, క్షమించాలి.

బిల్లులో మీ పేరు చాలాచోట్ల కనిపించింది, ఇన్సూరెన్స్ వాళ్ళు కొంత కొట్టేశారు లెండి. మా ఆయన ఫోన్లో ఆ రాత్రి ఫొటోలు చూస్తే అన్నీ మీవే, గీతలతో సహా, బంధువుల గ్రూపుకి పంపినవి. నాది ఒక్కటుంది. అందులోనూ మీ వైరు అడ్డం.

ఇట్లు,
మీ కాగితం మీద పేరు లేని పేషెంట్